తిరుగులేని క్యారెక్టర్‌కి ఏ దారి మంచిది? డంజన్స్ అండ్ డ్రాగన్స్ బిల్డ్‌ల పోలిక

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల కథల ఆటలో కొత్త క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే కథ) మొదలవుతోందని తెలియగానే ఖాళీ క్యారెక్టర్ షీట్ ముందేసుకుని కూర్చుంటాను నేను. ఏ క్లాస్ (పాత్ర వృత్తి) తీసుకోవాలి, ఏ ఫీట్ (అదనపు నైపుణ్యం) ఎప్పుడు వస్తుంది, ఏ లెవెల్‌లో ఎంత డ్యామేజ్ అని లెక్కలు వేసుకుని బిల్డ్ కట్టుకోవడం, అంటే ఈ ఎంపికలన్నీ కలిపి క్యారెక్టర్‌ని తీర్చుకోవడం, నాకు ఆటలో సగం ఆనందం. బలమైన క్యారెక్టర్ కావాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. కానీ "అన్నిటికంటే బలమైన బిల్డ్ ఏది?" అని ఊరికే అడిగితే మాత్రం జవాబు దొరకదు. ఎన్నో లెవెల్‌లో, ఎలాంటి పోరాటంలో, పక్కన ఎవరుండగా అనేవి కూడా చెప్పాలి.

ఇక్కడ పోల్చేది ముఖ్యంగా ఐదో ఎడిషన్ బిల్డ్‌లను. ఇందులో 2014 నాటి నిబంధనలతో ఆడేవాళ్లూ ఉన్నారు, 2024లో సవరించిన వాటితో ఆడేవాళ్లూ ఉన్నారు. ఒకదాంట్లో రాజ్యమేలిన బిల్డ్ ఇంకోదాంట్లో మామూలుదైపోయింది కాబట్టి తేడా వచ్చిన చోట చెబుతాను. ఆట నడిపే డంజన్ మాస్టర్‌ని అందరూ పిలిచినట్టే డీఎం అంటాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బలం రెండు రకాలు. ఒకటి మీ ఒక్కరి షీట్ మీద కనిపించేది. రెండోది పక్కవాళ్ల పాచికలు పారేలా చేసేది. మొదటి రకానికి డీఎం ఎప్పుడో ఒకప్పుడు విరుగుడు వెతుకుతాడు. రెండో రకానికి వెతకాలనిపించదు, ఎందుకంటే దానివల్ల టేబుల్ మొత్తం సంతోషంగా ఉంటుంది. ఒక్కో బిల్డ్‌నూ ఈ కళ్లతోనే చూస్తాను.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఏ పుస్తకం. రెండోది, ఒక్కో లాంగ్ రెస్ట్‌కీ (రాత్రి విశ్రాంతికీ) మధ్య ఎన్ని పోరాటాలు జరుగుతాయి. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ, బిల్డ్ ఎంపికలో దీనంత ముఖ్యమైనది ఇంకోటి లేదు. 2014 డంజన్ మాస్టర్స్ గైడ్ ఒక రోజుకి ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థ లేదా కఠిన పోరాటాల దాకా ఒక పార్టీ (ఆటగాళ్ల జట్టు) తట్టుకోగలదని లెక్కవేసింది. నేను కూర్చున్న టేబుళ్లలో అలా జరిగింది చాలా తక్కువ. రోజుకి ఒకటి, మహా అయితే రెండు. రోజుకి ఒకే పోరాటమైతే స్పెల్ స్లాట్లన్నీ (ఇన్నని లెక్కగా ఉండే మంత్రాల కోటా) ఒకేసారి కుమ్మరించే పాలడిన్ (పవిత్ర యోధుడు), విజర్డ్ (మాంత్రికుడు) ఆకాశంలో ఉంటారు. ఆరు పోరాటాలైతే షార్ట్ రెస్ట్‌తో (మధ్యలో చిన్న విరామంతో) కోలుకునే వార్‌లాక్ (ఇంకో రకం మాంత్రికుడు), ఎంత కొట్టినా అలసిపోని ఫైటర్ పైకొస్తారు.

మూడోది, క్యాంపెయిన్ ఎన్నో లెవెల్ దాకా నడుస్తుంది. పదిహేడో లెవెల్‌లో విష్ స్పెల్ వచ్చాక ఏమేం చేయాలో ఒకటో లెవెల్‌లోనే కాగితం నిండా రాసుకున్నవాళ్లను చూశాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే అది. నేను ఆడినవాటిలో చాలా వరకు పదో లెవెల్ చుట్టుపక్కలే ఆగిపోయాయి. పన్నెండో లెవెల్‌లో వికసించే బిల్డ్ కట్టుకుంటే, ఆ పన్నెండు రాకముందే ఆట ముగిసిపోవచ్చు. అందుకే నేను ప్రతి బిల్డ్‌నీ ఐదో లెవెల్‌లో పరీక్షిస్తాను. ఆ లెవెల్‌లో ప్రొఫిషెన్సీ బోనస్ (లెవెల్‌తో పెరిగి పాచికకి కలిసే అంకె) +3 అవుతుంది, పోరాట క్లాసులకు రెండో దెబ్బ వస్తుంది, స్పెల్ క్లాసులకు మూడో లెవెల్ స్పెల్స్ వస్తాయి.

పెద్ద కత్తి ఫైటర్: లెక్క వేసి చూద్దాం

2014 నిబంధనల్లో గ్రేట్ వెపన్ మాస్టర్ అనే ఫీట్ ఉంది. కొట్టే పాచిక మీద 5 తగ్గించుకుంటే, దెబ్బ తగిలినప్పుడు డ్యామేజ్ 10 పెరుగుతుంది. విల్లు వాడేవాళ్లకు షార్ప్‌షూటర్‌తో ఇదే బేరం. "ఇది తీసుకుంటే చాలు, తిరుగులేదు" అనే మాట చాలాసార్లు విన్నాను. నిజమెంతో చూద్దాం.

ఐదో లెవెల్ ఫైటర్, స్ట్రెంగ్త్ (ఒంటి బలం) 18, చేతిలో గ్రేట్‌సోర్డ్. కొట్టే ఇరవై ముఖాల పాచికకి +7. డ్యామేజ్ రెండు ఆరు ముఖాల పాచికలు, వాటిమీద 4, అంటే సగటున 11. ఎదుటివాడి ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే పాచిక చేరాల్సిన అంకె, 15 అనుకుందాం. మామూలుగా కొడితే దెబ్బ తగిలే అవకాశం 65 శాతం. క్రిటికల్ (పాచిక మీద 20 పడితే డ్యామేజ్ పాచికలు రెట్టింపు) కూడా కలుపుకుంటే రెండు దెబ్బలకీ సగటున 15 డ్యామేజ్. ఫీట్ వాడితే తగిలే అవకాశం 40 శాతానికి పడిపోతుంది, కానీ తగిలినప్పుడు 21. సగటు 17.5. అంటే అంత గొప్పగా చెప్పుకున్న ఫీట్ ఇచ్చింది రౌండ్‌కి రెండున్నర పాయింట్లు.

ఎదుటివాడి ఆర్మర్ క్లాస్ 18 అయితే? మామూలుగా 11.7, ఫీట్‌తో 11.2. నష్టమే.

అయితే ఈ ఫీట్‌కి అంత పేరెందుకొచ్చింది? ఎవరో పక్కనుంచి సాయం చేస్తున్నారు కాబట్టి. క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర) ఒకటో లెవెల్ స్లాట్ ఖర్చుపెట్టి బ్లెస్ స్పెల్ వేస్తే ముగ్గురికి ప్రతి దెబ్బకీ, ప్రతి సేవ్‌కీ (కీడు తప్పించుకోవడానికి వేసే పాచికకీ) నాలుగు ముఖాల పాచిక ఒకటి కలుస్తుంది. అప్పుడు ఆర్మర్ క్లాస్ 15 మీద అదే ఫైటర్ సగటు 17.5 నుంచి దాదాపు 23కి వెళుతుంది. బ్లెస్ బదులు అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) దొరికితే 28 దాటుతుంది. ఇది నాకు అర్థమైన రోజు నుంచి ఫైటర్ షీట్ చూసేటప్పుడు ముందు పార్టీలో ఇంకెవరున్నారని అడుగుతున్నాను. సాయం చేసే మనిషి లేని పార్టీలో ఈ బిల్డ్ గొప్పదేమీ కాదు. ఉంటే మాత్రం అద్భుతం.

2024లో ఈ ఫీట్ మొత్తం మారింది. 5 తగ్గించి 10 పెంచుకోవడం పోయింది. ఇప్పుడు అటాక్ యాక్షన్‌లో బరువైన ఆయుధంతో తగిలిన దెబ్బకి ప్రొఫిషెన్సీ బోనస్ అంత డ్యామేజ్ కలుస్తుంది, స్ట్రెంగ్త్ కూడా 1 పెరుగుతుంది. అదే ఐదో లెవెల్‌లో ఆర్మర్ క్లాస్ 15 మీద సగటు 18.9, 18 మీద 14.7. దాని పైన, 2024 గ్రేట్‌సోర్డ్‌తో దెబ్బ తప్పినా స్ట్రెంగ్త్ మాడిఫయర్ (ఆ లక్షణం నుంచి వచ్చే బోనస్) అంత డ్యామేజ్ దిగుతుంది. శిఖరం కాస్త తగ్గింది, నేల బాగా పెరిగింది. ఒంటరిగా, ఎవరి సాయం లేకుండా ఆడే ఫైటర్‌కి కొత్త పుస్తకమే మేలు. 2014లో షార్ప్‌షూటర్ నమ్ముకున్న విల్లుకాడికి మాత్రం ఆ 10 డ్యామేజ్ పూర్తిగా పోయింది.

ఫైటర్‌లో నాకు నచ్చే ఇంకో దారి గ్లేవ్ లేదా హాల్‌బర్డ్‌తో (పొడవాటి కర్ర ఆయుధాలతో) పోలార్మ్ మాస్టర్ ఫీట్, దానికి తోడు సెంటినెల్ ఫీట్. మీ ఆయుధం అందే దూరంలోకి శత్రువు అడుగు పెట్టగానే రియాక్షన్‌తో (మన టర్న్ కాకపోయినా చేసే పనితో) ఒక దెబ్బ. 2014 నిబంధనల్లో అది తగిలితే సెంటినెల్ వల్ల వాడి వేగం సున్నా. వాడు పది అడుగుల అవతలే ఆగిపోతాడు, వెనకున్న విజర్డ్ బతికిపోతాడు. డ్యామేజ్ పట్టికల్లో ఇది కనిపించదు గానీ, దారి ఇరుకుగా ఉన్న గుహలో ఒక్కసారి ఆడి చూస్తే విలువ తెలుస్తుంది.

పాలడిన్

ఒక్క క్లాస్ పేరే చెప్పమంటే నేను చెప్పేది ఇదే. చాలామంది దీన్ని స్మైట్ (దెబ్బకి కలిపే పవిత్ర శక్తి) కోసం తీసుకుంటారు, నేను తీసుకునేది మాత్రం ఆరో లెవెల్ కోసం.

స్మైట్ సంగతి ముందు. 2014లో దెబ్బ తగిలాక స్లాట్ ఖర్చుపెట్టి, ఒకటో లెవెల్ స్లాట్‌కి రెండు ఎనిమిది ముఖాల పాచికలు, పై లెవెల్‌కి ఒక్కోటి చొప్పున ఎక్కువ వేస్తారు. దెబ్బ తగిలిందని తెలిశాకే ఖర్చు కాబట్టి వృథా అనేది లేదు. పాచిక మీద 20 పడితే స్మైట్ పాచికలు కూడా రెట్టింపు. అందుకని ఓపికున్న పాలడిన్ రెండో లెవెల్ స్లాట్లను 20 పడే దాకా దాచుకుంటాడు. అయినా ఐదో లెవెల్‌లో ఉండేవి నాలుగు ఒకటో లెవెల్, రెండు రెండో లెవెల్ స్లాట్లు. అన్నీ స్మైట్లకే పోస్తే రోజు మొత్తానికి సగటున 63 డ్యామేజ్. అదే లెవెల్ విజర్డ్ ఒక ఫైర్‌బాల్‌ని నలుగురి మీద వేసి, అందులో ఇద్దరు సేవ్ అయినా, మొత్తం 84 దిగుతుంది. కాకపోతే ఫైర్‌బాల్ నలుగురికీ పంచుతుంది, స్మైట్ ఒక్కడి మీదే పడుతుంది. చివర్లో ఎదురయ్యే ఒంటరి పెద్ద శత్రువుని దించాలంటే పాలడిన్, గుంపుని తుడిచేయాలంటే విజర్డ్.

2024లో స్మైట్ ఒక స్పెల్ అయింది, బోనస్ యాక్షన్ కావాలి. అంటే ఒక టర్న్‌లో ఒక్కసారే. రెండు దెబ్బలకీ రెండు స్మైట్లు వేసి మొదటి రౌండ్‌లోనే కథ ముగించే రోజులు పోయాయి. దానికి బాధపడేవాళ్లున్నారు. నేను పడను.

ఎందుకంటే పాలడిన్ అసలు బలం ఆరో లెవెల్‌లో వచ్చే ఆరా ఆఫ్ ప్రొటెక్షన్. పది అడుగుల లోపల ఉన్న మనవాళ్లందరి సేవ్‌లకీ మీ కరిష్మా మాడిఫయర్ కలుస్తుంది. కరిష్మా 18 అయితే +4. విజ్డమ్ 10 ఉన్న ఫైటర్ భయపెట్టే డ్రాగన్ ముందు నిలబడ్డాడనుకోండి, సేవ్‌కి కనీసం 15 రావాలి. మామూలుగా 30 శాతం. మీరు పక్కన నిలబడితే 50 శాతం. దీనికి స్లాట్ ఖర్చు లేదు, యాక్షన్ అక్కర్లేదు, స్పృహలో ఉంటే చాలు. రెండు పుస్తకాల్లోనూ ఉంది. నా పాలడిన్ ఆరో లెవెల్‌కి వచ్చిన సాయంత్రం రోగ్ (దొంగ పాత్ర) ఆడే మిత్రుడు సేవ్‌కి పాచిక వేసి "పోయాను, 12" అన్నాడు. "నాలుగు కలుపు" అన్నాను. 16. కావాల్సింది 15. ఆ రోజు అతను టేబుల్ మీద కొట్టిన చప్పుడు నేను వేసిన ఏ స్మైట్‌కీ రాలేదు.

కవచం తొడిగిన విజర్డ్

విజర్డ్ గొప్ప డ్యామేజ్ క్లాస్ అనుకుని వచ్చేవాళ్లు నిరాశపడతారు. వాడి బలం పోరాటాన్ని రెండు ముక్కలు చేయడంలో ఉంది. మూడో లెవెల్ స్పెల్ హిప్నోటిక్ ప్యాటర్న్ ముప్పై అడుగుల ఘనంలో ఉన్నవాళ్లలో సేవ్ తప్పినవాళ్లందర్నీ చేష్టలుడిగి నిలబెడుతుంది. ఆరుగురు శత్రువుల్లో నలుగురు అలా నిలబడిపోతే, మీ పార్టీ మొత్తం కలిసి మిగతా ఇద్దరి మీద పడుతుంది. తర్వాత ఆ నలుగుర్నీ ఒక్కొక్కర్నే చూసుకోవచ్చు. దెబ్బ పడితే తెలివి వచ్చేస్తుంది, తోటివాడు కుదిపినా వచ్చేస్తుంది, చార్మ్‌కి (వశీకరణకి) లొంగని జీవుల మీద అసలు పనిచేయదు. ఇవి గుర్తున్నంత కాలం ఐదో లెవెల్‌లో ఇంతకంటే పెద్ద ఆయుధం లేదు. తొమ్మిదో లెవెల్‌లో వాల్ ఆఫ్ ఫోర్స్ వస్తే శత్రువుల్లో సగం మందిని గోడ అవతల పెట్టేయొచ్చు, దానికి సేవ్ కూడా ఉండదు.

ఇలాంటి విజర్డ్‌కి బలహీనత ఒంటి మీద కవచం లేకపోవడం. దెబ్బ తగిలినప్పుడల్లా కాన్సంట్రేషన్ సేవ్ వేయాలి, తప్పితే స్పెల్ పోతుంది. దీనికి బాగా తెలిసిన మందు, ఒకటో లెవెల్ క్లెరిక్‌గా మొదలుపెట్టి మిగతావన్నీ విజర్డ్‌లో పెట్టడం. మీడియం ఆర్మర్, డాలు రెండూ వస్తాయి. హాఫ్ ప్లేట్, డెక్స్‌టెరిటీ 14, డాలు కలిసి ఆర్మర్ క్లాస్ 19. దానిమీద షీల్డ్ స్పెల్ వేస్తే ఆ రౌండ్‌కి 24. లక్షణాల అంకెలను పాయింట్లతో కొనుక్కునే 27 పాయింట్ల పద్ధతిలో ఇంటెలిజెన్స్ 15, డెక్స్‌టెరిటీ 14, కాన్‌స్టిట్యూషన్ 13, విజ్డమ్ 13 తీసుకుంటే 26 పాయింట్లు ఖర్చవుతాయి. రెండు క్లాసులు కలపడానికి ఇంటెలిజెన్స్, విజ్డమ్ రెండూ కనీసం 13 ఉండాలి, అవీ అందులోనే ఉన్నాయి. నష్టమేమిటంటే, స్లాట్లు తగ్గవు గానీ విజర్డ్ స్పెల్స్ ఒక లెవెల్ ఆలస్యం. ఐదో లెవెల్‌లో రావాల్సిన హిప్నోటిక్ ప్యాటర్న్ ఆరులో వస్తుంది. ఆ ఒక్క లెవెల్ నిజంగా బరువుగా నడుస్తుంది, ముందే చెబుతున్నాను.

దీన్ని నేను కట్టి ఆడాను. +6తో కొట్టే శత్రువుకి 24 మీద తగిలే అవకాశం 15 శాతమే. మొదటి మూడు సెషన్లు ఎవరూ నన్ను తాకలేదు. ఆ తర్వాత డీఎం శత్రువులు +9తో కొట్టడం మొదలుపెట్టారు. నామీద వాళ్ల అవకాశం 15 నుంచి 30 శాతానికి పెరిగింది, అయినా నాకు ఇబ్బంది లేదు. కానీ ఆర్మర్ క్లాస్ 15 ఉన్న రోగ్ మీద అది 60 నుంచి 75కి వెళ్లింది. వరసగా ప్రతి పోరాటంలోనూ ఆ అమ్మాయి నేలమీద పడి, టర్న్ వచ్చినప్పుడల్లా డెత్ సేవ్ (చావు తప్పించుకునే పాచిక) వేసి మళ్లీ కూర్చునేది. నా కవచం ఖరీదు ఆమె కడుతోందని అర్థం కావడానికి నాకు ఇంకా రెండు సెషన్లు పట్టింది. షీల్డ్ స్పెల్‌కి పెడుతున్న స్లాట్లను ఆమెను కాపాడేవాటికి మళ్లించాను. మెల్లగా డీఎం కూడా అంకెలు తగ్గించారు. పార్టీలో అందరి ఆర్మర్ క్లాస్ దగ్గరదగ్గరగా ఉంటేనే ఇప్పుడు ఈ బిల్డ్ సిఫారసు చేస్తాను.

వార్‌లాక్, క్లుప్తంగా

ఎల్డ్రిచ్ బ్లాస్ట్ అనే స్పెల్, దాని డ్యామేజ్‌కి కరిష్మా కలిపే అగొనైజింగ్ బ్లాస్ట్. ఐదో లెవెల్‌లో రెండు కిరణాలు, కరిష్మా 18తో ఆర్మర్ క్లాస్ 15 మీద సగటు 13, హెక్స్ స్పెల్ డ్యామేజ్ కూడా కలిపితే దాదాపు 18. పెద్ద కత్తి ఫైటర్‌తో సమానం, అదీ 120 అడుగుల దూరం నుంచి. స్లాట్లు రెండే ఉన్నా షార్ట్ రెస్ట్ కాగానే తిరిగొస్తాయి. మీ డీఎం షార్ట్ రెస్ట్‌లు ధారాళంగా ఇస్తే మంచి ఎంపిక, ఇవ్వకపోతే వద్దు. అంతకుమించి ఆలోచించాల్సింది లేదు.

డ్రూయిడ్: ఎలుగుబంటి, తోడేళ్ల గుంపు

డ్రూయిడ్ జంతువుగా మారగలిగే పాత్ర. 2014 మూన్ డ్రూయిడ్ రెండో లెవెల్‌లోనే గోధుమరంగు ఎలుగుబంటి అవుతాడు. ఎలుగుకి 34 హిట్ పాయింట్లు (ప్రాణబలం), టర్న్‌కి రెండు దెబ్బలు. ఆ లెవెల్ ఫైటర్‌కి దాదాపు 20 హిట్ పాయింట్లు, ఒక్కటే దెబ్బ. పైగా ఎలుగు పోతే డ్రూయిడ్ తన సొంత హిట్ పాయింట్లతో బయటికొస్తాడు, ఇంకోసారి మారతాడు. రెండు నుంచి నాలుగో లెవెల్ దాకా ఇంతకంటే మొండి క్యారెక్టర్ ఆటలో లేదు. మీ ఆట ఆ లెవెల్స్‌లోనే ముగిసే చిన్న కథ అయితే కళ్లు మూసుకుని తీసుకోండి. ఐదో లెవెల్ వచ్చేసరికి మిగతావాళ్లు పరుగెత్తుతుంటే ఎలుగు అక్కడే నిలబడి ఉంటుంది. 2024లో సబ్‌క్లాస్ (మూన్ లాంటి ఉపశాఖ) మూడో లెవెల్‌కి జరిగింది. జంతువు హిట్ పాయింట్ల బదులు డ్రూయిడ్ లెవెల్‌కి మూడు రెట్లు తాత్కాలిక హిట్ పాయింట్లు వస్తాయి, కాబట్టి ఈ తొలినాటి వైభవం బాగా తగ్గింది.

ఐదో లెవెల్‌లో డ్రూయిడ్‌కి జంతువులను రప్పించే 2014 కంజ్యూర్ యానిమల్స్ స్పెల్ వస్తుంది. ఎనిమిది తోడేళ్లు వచ్చాయనుకోండి. పక్కన తోటిది ఉంటే ప్రతిదానికీ అడ్వాంటేజ్. ఆర్మర్ క్లాస్ 15 మీద లెక్క వేస్తే రౌండ్‌కి 42కి పైగా డ్యామేజ్, సాయం లేని ఫైటర్‌కి రెండింతల కంటే ఎక్కువ. అంకెల్లో చూస్తే ఈ వ్యాసంలో ఇదే అన్నిటికంటే బలమైనది.

అయినా నేను వద్దంటాను. ఒక్క టర్న్ ఎలా గడుస్తుందో చూడండి. మొదటి తోడేలు: రెండు పాచికలు వేసి పెద్దది చూడాలి, తగిలితే డ్యామేజ్‌కి ఇంకో రెండు, ఆ పైన శత్రువు కింద పడ్డాడో లేదో తేల్చడానికి డీఎం ఒక సేవ్. ఇక రెండో తోడేలు. ఇలా ఎనిమిది. మధ్యలో ఎవరో "మూడోది ఎక్కడుంది?" అంటారు, మ్యాప్ మీద నాణేలు జరపాలి. ఎనిమిదోది అయ్యేసరికి ఫైటర్ ఆడే మనిషి ఫోన్‌లో ఉంటాడు. అందరి సమయం తినేసి గెలిచే బలం ఇది. పైగా ఏ జంతువు రావాలో డీఎం ఇష్టమని అధికారిక వివరణ కూడా ఉంది, తోడేళ్ల బదులు ఇంకేదో రావచ్చు. 2024లో ఈ స్పెల్‌ని ఒకే మందగా మార్చేశారు, దగ్గరకొచ్చినవాళ్లు సేవ్ తప్పితే డ్యామేజ్ పడుతుంది. నా దృష్టిలో ఆ సవరణ మొత్తంలో చేసిన మంచి పనుల్లో అదొకటి.

రెండు క్లాసులు కలిపేవాళ్లకు

కలగలుపు బిల్డ్‌లు కాగితం మీద మహా అందంగా ఉంటాయి. పాలడిన్, సోర్సరర్ (మరో మాంత్రిక క్లాస్) కలయిక పాతదే, మంచిదే: రెండూ కరిష్మా మీద నడుస్తాయి, సోర్సరర్ స్లాట్లు స్మైట్లకు పనికొస్తాయి. తొందరపడితే మాత్రం చెడుతుంది. రెండు లెవెల్స్ పాలడిన్, మూడు లెవెల్స్ సోర్సరర్ అయిన ఐదో లెవెల్ క్యారెక్టర్‌ని చూడండి. పక్కవాళ్లకు రెండు దెబ్బలు, వీడికి ఒకటి. పక్కవాళ్లకు ఫైర్‌బాల్, వీడికి లేదు. ఆకలేసినప్పుడు దొరకని అన్నం తర్వాత ఎంత ఉంటే ఏం? పాలడిన్‌ని ఆరు దాకా తీసుకెళ్లి, ఆరా చేతికొచ్చాక సోర్సరర్ మొదలుపెట్టండి. ఆరుకి ముందు ఒక్క లెవెల్ వెనకపడటానికి సిద్ధమైతే వార్‌లాక్ ఒక లెవెల్ పరవాలేదు: 2014 నిబంధనల హెక్స్‌బ్లేడ్ అయినా, 2024 నిబంధనల ప్యాక్ట్ ఆఫ్ ద బ్లేడ్ అయినా కత్తిని కరిష్మాతో తిప్పనిస్తుంది, స్ట్రెంగ్త్ మీద భారం తగ్గుతుంది.

వార్‌లాక్, సోర్సరర్ కలిపిన కాఫీలాక్ అని ఇంకోటుంది. షార్ట్ రెస్ట్‌లో తిరిగొచ్చే వార్‌లాక్ స్లాట్లను సోర్సరీ పాయింట్లుగా, వాటిని మళ్లీ స్లాట్లుగా మార్చుకుంటూ, లాంగ్ రెస్ట్ తీసుకోకుండా స్లాట్లు పోగేసుకోవడం. నిద్ర మానేయడానికి విరుగుడుగా 2017లో ఒక నిబంధన కూడా వచ్చింది: ఇరవై నాలుగు గంటలు లాంగ్ రెస్ట్ లేకపోతే కాన్‌స్టిట్యూషన్ సేవ్, తప్పితే నీరసం, రోజురోజుకీ ఆ సేవ్ కష్టమవుతుంది. దీన్ని ఆలోచించి నవ్వుకోండి, టేబుల్ దగ్గరికి మాత్రం తీసుకురాకండి. పార్టీ అంతా పడుకోవాలన్నప్పుడల్లా మీరు వద్దంటుంటే ఎవరికీ బాగుండదు.

క్లెరిక్

పైన ఫైటర్ సగటుని 17.5 నుంచి 23కి తీసుకెళ్లింది ఎవరో గుర్తుందా? క్లెరిక్ బలం ఎప్పుడూ ఇంకొకరి ఖాతాలోనే కనిపిస్తుంది. ఐదో లెవెల్‌లో స్పిరిట్ గార్డియన్స్ వేసుకుని శత్రువుల మధ్యకి నడిస్తే, పదిహేను అడుగుల లోపల ఉన్న ప్రతి ఒక్కడికీ సేవ్ తప్పితే మూడు ఎనిమిది ముఖాల పాచికల డ్యామేజ్, నెగ్గినా సగం. కత్తి దూయనక్కర్లేదు.

2020లో వచ్చిన ట్వైలైట్ క్లెరిక్ మాత్రం నాక్కూడా ఎక్కువే అనిపిస్తుంది. ముప్పై అడుగుల లోపల ఉన్న మనవాళ్లకు ప్రతి టర్న్ చివరా ఒక ఆరు ముఖాల పాచిక, దానికి క్లెరిక్ లెవెల్ కలిపి తాత్కాలిక హిట్ పాయింట్లు. ఐదో లెవెల్‌లో సగటున ఒక్కొక్కరికి 8.5, నిమిషం పాటు. చిన్న శత్రువుల దెబ్బలు దాదాపు లెక్కలోకి రావు. చాలామంది డీఎంలు దీన్ని ఒప్పుకోరు, వాళ్లను నేను తప్పుపట్టను. దీన్ని మినహాయిస్తే, గాయాలు మాన్పే మామూలు లైఫ్ క్లెరిక్ కూడా మీరనుకునేదానికంటే చాలా బలమైనది.

వేరే ఆటలు ఆడుతుంటే

2003 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ 3.5 నిబంధనల్లో బలం అనే మాటకి హద్దే లేదు. ఆరో లెవెల్‌లో నేచురల్ స్పెల్ ఫీట్ తీసుకున్న డ్రూయిడ్ జంతు రూపంలో ఉండి కూడా స్పెల్స్ వేస్తాడు, పక్కన పెంపుడు జంతువు విడిగా పోరాడుతుంది. ఆ పెంపుడు జంతువే కొన్నిసార్లు ఫైటర్‌కి సాటి. పన్‌పన్ అనే కోబోల్డ్ పేరు వినే ఉంటారు, నిబంధనల కలయికతో అంతులేని శక్తి సంపాదించే ఊహా క్యారెక్టర్. అది ఆడటానికి కట్టింది కాదు, నిబంధనలు ఎక్కడ తెగుతాయో చూపించడానికి కట్టింది. 3.5 ఆడితే పార్టీ అంతా ముందే మాట్లాడుకుని ఒకే స్థాయి క్లాసులు ఎంచుకోవడం తప్పనిసరి.

2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ దానికి సరిగ్గా అవతలి ఒడ్డు. ఇక్కడ ఆర్మర్ క్లాస్‌ని 10తో దాటితే క్రిటికల్. కాబట్టి ఒక్క +1 తగిలే అవకాశాన్నీ, చాలాసార్లు క్రిటికల్ అవకాశాన్నీ కూడా పెంచుతుంది. షీట్ మీద అంకెలు బిగువుగా కట్టేశారు, ఒంటరిగా ఎగిరిపోవడం కష్టం. ఫైటర్ మాత్రం ఒకటో లెవెల్ నుంచే ఆయుధాల్లో చాలా క్లాసుల కంటే ఒక మెట్టు పైన, అంటే +2 ఎక్కువతో మొదలవుతాడు. తేడా తెలుస్తుంది. మిగిలిన బలమంతా శత్రువుని భయపెట్టి వాడి అంకెలు తగ్గించడం, మనవాళ్లవి పెంచడం. పక్కవాడి పాచిక కోసం ఆడటం ఇష్టమున్నవాళ్లకి ఈ ఆటంత మంచిది నాకు తెలియదు.

మరి మీరేది తీసుకోవాలి

మొదటిసారి బలమైన బిల్డ్ కడుతున్నారా, పాలడిన్, ఏమీ కలపకుండా ఆరో లెవెల్ దాకా. రెండు పుస్తకాల్లోనూ ఇదే చెబుతాను. పార్టీలో పాలడిన్ ఇప్పటికే ఉంటే క్లెరిక్. ఇద్దరూ ఉంటే ఇక పెద్ద కత్తి పట్టుకోండి, వాళ్లిద్దరూ మీ వెనక ఉన్నారు కాబట్టి ఆ లెక్కలన్నీ మీ పక్షానే పనిచేస్తాయి. ప్రతి స్పెల్ వివరణా చదివే ఓపిక, టర్న్ రాకముందే ఏం చేయాలో తేల్చుకునే అలవాటు ఉంటే విజర్డ్. ఆ రెండూ లేని విజర్డ్ పార్టీకి బరువు.

షీట్ నింపే ముందు డీఎంని అడగాల్సింది ఒకటుంది. 2014 పుస్తకంలో ఫీట్లు, రెండు క్లాసులు కలపడం రెండూ ఐచ్ఛిక నిబంధనలే. డీఎం ఒప్పుకుంటేనే ఉంటాయి. ఆ రెండింటితో పాటు రోజుకి ఎన్ని పోరాటాలుంటాయో, షార్ట్ రెస్ట్ ఎంత తరచుగా దొరుకుతుందో కూడా అడిగేయండి. నా పద్ధతి ఏమిటంటే, బిల్డ్ మొత్తం పది లెవెల్స్ దాకా ఒక కాగితం మీద రాసి డీఎం చేతికిస్తాను. "ఇందులో మీకు ఇబ్బందయ్యేది ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి" అంటాను. పోయినసారి ఒక ఫీట్ కొట్టేసి, దాని పక్కన ఇంకోటి రాసి ఇచ్చారు. ఆ క్యారెక్టర్ ఇప్పుడు ఎనిమిదో లెవెల్‌లో ఉంది.